ఏడంగుళాల కత్తి

రాజోలు
18-8-2025, సోమవారం

చిరంజీవి సత్యప్రియకి మామ్మ దీవించి రాస్తున్నది.

నీ ఉత్తరం ఎనిమిదో తారీఖున అందింది. ఇవాళ పద్దెనిమిది. జవాబుకి పది రోజులు పట్టడం నా పద్ధతి కాదని నీకు తెలుసు. ఇవాళ కూర్చుని రాయడానికి కారణం, మీ నాన్న శనివారం బండికి పూణే వస్తున్నాడు. ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తాను. ఎందుకు వస్తున్నాడని అడిగితే వాడు చెప్పడు. చెప్పొద్దని నేనే అన్నాను. అది ఈ కాగితాల్లో చివర ఉంది. నీకు చిన్నప్పటి నుంచీ పుస్తకం తీయగానే ఆఖరి పేజీ చూసే అలవాటు. ఈసారి వరుసలో చదువు.

ఇక్కడ ముగ్గురం క్షేమం. అంటే వేళకి తింటున్నాం, వేళకి పడుకుంటున్నాం. మీ అమ్మ మోకాలు నొప్పి తగ్గింది. నా బీపీ మొన్న నూట ముప్ఫై ఆరు. వరద నీరు గోదావరి లంకల దాకా వచ్చి తీసేసింది, మన తోటలోకి రాలేదు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. దానికి పేరు పెట్టమని మీ అమ్మ అడిగితే నాకేమీ తోచలేదు. ఈమధ్య నాకు చాలా వాటికి ఏమీ తోచడం లేదు. నువ్వు చెబితే అదే పెడతాం.

నీ కడుపు నొప్పి సంగతి చదివాను. ఏడాదిపాటు హోటలు భోజనం తింటే అంతే అవుతుంది. డాక్టరు ఇంట్లో వండుకు తినమన్నాడన్నావు. ఆ మాట డాక్టరు చెబితేగానీ తెలియలేదా అని రాద్దామనుకున్నాను. రాయను. నువ్వు ఎందుకు వండుకోవడం లేదో నాకు తెలుసు. కోసి, కవర్లో పెట్టి అమ్మే కూరగాయలు తెచ్చుకుంటున్నావనీ, అవి లేనిరోజున ఏమీ వండవనీ మీ అమ్మ చెప్పింది. ఆరేళ్ళుగా నువ్వు కత్తితో ఏదీ కోయలేదు. మీ తాతయ్య కాలు కత్తిపీటకి తగిలి తెగిన రోజు నుంచి.

నీ ఉత్తరంలో ఐదు ప్రశ్నలున్నాయి. నాలుగు కత్తి గురించి. ఐదోది నీ గురించి. నాలుగింటికి వరుసగా జవాబు చెప్పి ఐదోదానికి వస్తాను.

ముందు ఒక సంగతి. కత్తిపీట మీద తప్ప కోయడం తెలియని మామ్మ కత్తి గురించి ఏం చెబుతుందని నీకు అనిపించవచ్చు. మీ తాతయ్య కర్మకాండ అయిన మర్నాడే నేను కత్తిపీటని గోనెపట్టాలో చుట్టి అటకెక్కించాను. అది కళ్ళబడితే పిల్ల బాధపడుతుందని అలా చేశానని ఇంట్లో అందరూ అనుకున్నారు. అనుకోనిచ్చాను. అప్పటి నుంచి గట్టు దగ్గర నిలబడి కత్తితోనే కోస్తున్నాను. అరవై మూడో ఏట కొత్తగా నేర్చుకున్నాను. మొదటి నెలలో మూడుసార్లు వేళ్ళు కోసుకున్నాను, మూడూ ఎడమచేతివే. ఎందుకో చెబుతాను, నీకు పనికొస్తుంది. కత్తిపీట కదలదు. కూరగాయనే రెండు చేతుల్తో దాని మీదకి తోస్తాం. మన చేతులకి ఆ తోయడం అలవాటు. కత్తి దగ్గర అది తిరగబడుతుంది. కూరగాయ కదలకూడదు, కత్తే కదలాలి. కత్తిపీట మీద పెరిగిన చెయ్యి తెలియకుండానే కాయని కత్తి మీదకి తోసేస్తుంది. నువ్వు కూడా తోస్తావు. నీకు నేర్పింది నేనే కదా. అందుకని ఎడమచేతి వేళ్ళ కొసలు లోపలికి ముడుచుకో, పిడికిలి సగం పట్టినట్టు. కణుపులు మాత్రం కత్తికి ఆనాలి. అప్పుడు తోసినా తెగదు.

ఇప్పుడు మొదటి ప్రశ్న, ఎంత పొడుగు. మీ నాన్న హైదరాబాదు వెళ్ళినప్పుడు నాకు పదంగుళాల కత్తి తెచ్చాడు. మీ అమ్మ దాన్ని చూసి, "వంటకాండి, యుద్ధానికాండి?" అంది. నాలుగు రోజులు వాడాను. కొస ఎక్కడుందో నా చేతికి తెలిసేది కాదు. అంతకు ముందు ఊళ్ళో తీర్థం జరిగినప్పుడు కొన్న ఐదంగుళాలది క్యాబేజీకి సగం దాకానే దిగేది. నీ గాజుల సైజు రెండుంపావు, నాదీ అంతే. ఈ చేతికి ఏడంగుళాలు చాలు. ఎనిమిది మించవద్దు. ఆన్‌లైన్‌లో వందల రకాలున్నాయన్నావు. ఫొటోలో కత్తి చేతికి ఎలా ఉందో తెలియదు. చెప్పుల జత కూడా నువ్వు అలా కొని రెండుసార్లు వెనక్కి పంపావు.

రెండో ప్రశ్న, ఇనుమా స్టీలా. ఇనుప కత్తి పదును బాగా నిలుస్తుంది. కానీ నిమ్మకాయ కోసి కడక్కుండా వదిలితే నల్లబడుతుంది, తడిగా వదిలితే తుప్పు పడుతుంది. రోజూ తుడిచి కొబ్బరినూనె చుక్క రాయాలి. పొద్దున్న ఎనిమిదింటికి ఆఫీసు బస్సు ఎక్కేదానివి, అది నీవల్ల కాదు. మంచి స్టీలు కొనుక్కో. అయితే స్టీలుకి పదును అక్కర్లేదనుకోకు. మొండి కత్తి భద్రమని చాలామంది అనుకుంటారు. మొండి కత్తే జారుతుంది, జారినదే తెగుతుంది. టమాటా పండు మీద పెడితే నొక్కకుండా తోలు తెగాలి. తెగకపోతే ఆరోజు సానరాయి తియ్యి.

మూడో ప్రశ్న, బరువుది మంచిదా తేలికదా. రెండూ కాదు. చూపుడువేలు మీద, పిడీ రేకూ కలిసే చోట ఆనించి చూడు. రెండు వైపులా తూగితే అది నీ చేతిని లాగదు. పిడిలోకి ఇనుము చివరిదాకా వెళ్ళిందో లేదో చూడు. సగంలో ఆగిపోతే ఏడాదికి ఊడిపోతుంది. పట్టుకోవడం కూడా పిడి చివర కాదు. బొటనవేలూ చూపుడువేలూ రేకుని అటూ ఇటూ పట్టుకోవాలి, మిగిలిన మూడువేళ్ళు పిడి మీద. నాకది తెలియడానికి ఏడాది పట్టింది.

నాలుగోది, నీతో ఉంటున్న లావణ్య ఆరు కత్తుల సెట్టు కొనమంటోందన్నావు. వద్దు. ఒకటి పెద్దది, ఒకటి వేలెడంత చిన్నది, వెల్లుల్లికీ అల్లానికీ. ఆ పిల్ల రంపం పళ్ళ కత్తితో టమాటాలు కోస్తోందని రాశావు. ఆ కత్తి రొట్టెకని చెప్పు. ఇంకొక మాట, స్టీలు పళ్ళెంలోనూ రాతిగట్టు మీదా కోయవద్దు. పదును ఒక్క పూటలో పోతుంది. చెక్క కొనుక్కో.

ఇంత చెప్పి నిన్నే కొనుక్కోమనడం ఎందుకని, పదమూడో తారీఖున మీ అమ్మని బస్సెక్కించుకుని అమలాపురం వెళ్ళాను. గడియారస్తంభం దగ్గర బస్సు దిగి మూడు షాపులు తిరిగాం. మూడోవాడు పంతొమ్మిది కత్తులు తీసి గాజుబల్ల మీద పరిచాడు. నేను ఒక్కొక్కటీ వేలిమీద ఆనించి చూస్తుంటే వాడికి చిరాకెత్తింది.

"ఇది జర్మనీ స్టీలండి మామ్మగారూ. చూడక్కర్లేదండి."

"జర్మనీలో కంద కోస్తారా?"

"అది నాకు తెలవదండి."

"అయితే చూడక్కర్లేదని ఎలా చెబుతున్నావు?"

మీ అమ్మ నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. ఆ మనిషి నవ్వడం చూసి చాలా రోజులైంది. వాడు పన్నెండో కత్తి నా ముందు పెట్టి, "కత్తి కొనడానికొచ్చేరో సంబంధం చూడ్డానికొచ్చేరో అర్థం కావట్లేదండి" అన్నాడు. ఆ పన్నెండోదే తీసుకున్నాను. ఏడంగుళాలు, కర్ర పిడి. ఇంటికొచ్చి త్రాసులో వేస్తే నూట అరవై ఐదు గ్రాములు తూగింది. కొలిమి గంగబాబు దానికి సాన పట్టాడు. "ఎవరికండీ?" అన్నాడు. నీకని చెప్పాను. వాడు తలెత్తి నా వంక చూసి మళ్ళీ రాయి తిప్పాడు. ఊళ్ళో అందరికీ తెలుసు కదా.

ఇప్పుడు ఐదో ప్రశ్న. నువ్వు రాసిన మాటలే మళ్ళీ రాస్తున్నాను. "కత్తి చేతిలోకి తీసుకుంటే చెయ్యి వణుకుతోంది మామ్మా. తాతయ్యకి అలా చేసిన చేతితో మళ్ళీ కత్తి పట్టొచ్చా?"

పట్టొచ్చు. ఎందుకు పట్టొచ్చో చెప్పడానికి ఆ రోజు మొత్తం చెప్పాలి. నీకు తెలిసింది సగం.

12-10-2019, రెండో శనివారం. ముందురాత్రి గాలికి అరటితోటలో పద్నాలుగు చెట్లు పడిపోయాయి. పడిన చెట్ల బోదె లోపలి దూట కూరకి పనికొస్తుంది, ఊరికే పోనీయడమెందుకని పొద్దున్నే కోయడం మొదలుపెట్టాం. పెరటి వసారాలో కత్తిపీట వేసి నిన్ను కూర్చోబెట్టాను. దూట చక్రాల్లా పల్చగా కోయడం, చక్రానికీ చక్రానికీ మధ్య సాగే పీచుని చూపుడువేలికి చుట్టుకోవడం, మజ్జిగ నీళ్ళలో వేయడం. నీకు పదిహేడేళ్ళు. బాగానే కోస్తున్నావు. వాకిట్లో అబ్బులు మనుషులు కొబ్బరి దింపు తీస్తున్నారు. తొమ్మిదిన్నరకి నీ స్నేహితురాలు రికార్డు పుస్తకం కోసం వచ్చింది. నువ్వు లేచి, కత్తిపీటని పక్కకి పడుకోబెట్టి, పదును గోడవైపు తిప్పి, చేతులు కడుక్కుని వీధిగుమ్మంలోకి వెళ్ళావు.

మళ్ళీ చదువు. పడుకోబెట్టి వెళ్ళావు. నేను చూశాను.

దూట ఇంకా రెండు జానలు మిగిలింది. నేను కత్తిపీట లేపి కూర్చున్నాను. సగం కోశాను. అబ్బులు వాకిట్లోంచి కేకేశాడు. "ఆరొందల పన్నెండండి అమ్మగారూ!" నా లెక్క ఆరువందల పదకొండు. పొద్దుట నుంచీ ప్రతి గెలా దిగుతున్నప్పుడు వసారాలోంచే లెక్కపెట్టుకుంటున్నాను. "పన్నెండెలా అవుతుందిరా?" అన్నాను. "మీరే వచ్చి లెక్కెట్టుకోండి, నాకేటి?" అన్నాడు. ఒక్క కాయ. వాడు ఎక్కువ చెప్పాడంటే కాయల లెక్కన ఇచ్చే దింపుకూలి కోసమేనని మనసులో అనుకుని లేచి వెళ్ళిపోయాను. కత్తిపీట నిలబడే ఉంది. నలభై ఏళ్ళుగా కోడలికీ, పనిమనిషికీ, మనవరాలికీ, ఇంటికొచ్చిన చుట్టాలకీ నేను చెప్పిన మాట ఒక్కటే. పిలిచింది దేవుడైనా కత్తిపీట పడుకోబెట్టి లేవాలి. నేను లేపి వదిలేసి వెళ్ళాను.

కాయలన్నీ ఐదేసి చొప్పున మళ్ళీ పేర్పించి లెక్కపెట్టాను. ఆరువందల పన్నెండు. అబ్బులు చెప్పిందే నిజం.

ఆ సమయంలోనే మీ తాతయ్య పశువులశాలలోంచి పెరటి వసారాలోకి వచ్చారు. రాత్రి వానకి పెరడంతా తడి, ఆయన కాళ్ళూ తడి. ఆయనకి పదిహేనేళ్ళ సుగరు. పాదాలకి స్పర్శ పోయి నాలుగేళ్ళయింది. మిట్టమధ్యాహ్నం ఇసకలో నడిచినా కాలుతోందనేవారు కాదు. కుడికాలి బొటనవేలి కింద రెండంగుళాలు తెగింది. ఆయనకి తెలియలేదు. హాల్లోకి వచ్చి గచ్చు చూసి, "ఎవరో కుంకం ఒలకబోసేరు చూడండే" అన్నారు. నేను అప్పుడే వాకిట్లోంచి లోపలికి వచ్చాను. గచ్చు మీద ఏడు అడుగులున్నాయి.

నేను వసారాలోకి చూశాను. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట నీ పేరు.

"సత్యా! లేచేటప్పుడు కత్తిపీట పడుకోబెట్టమని ఎన్నిసార్లు చెప్పాను!"

అది ఆలోచించి అన్నది కాదు. కానీ ఆ తర్వాతవన్నీ ఆలోచించినవే. నువ్వు పరిగెత్తుకొచ్చావు. "పెట్టేను మామ్మా" అన్నావు. "పెడితే దానంతటది లేచిందా? కాళ్ళొచ్చాయా దానికి?" అన్నాను. మీ అమ్మ నిన్ను చెంప మీద కొట్టింది. కాసేపటికి, "పెట్టేననుకున్నాను మామ్మా" అన్నావు. "అనుకుంటే సరిపోదు" అన్నాను. సాయంత్రానికి నువ్వు ఏమీ అనలేదు. ఒక పూటలో నీ కళ్ళతో నువ్వు చూసినదాన్ని నీ చేత కాదనిపించాను.

ఆయన కాలు కడుగుతున్నప్పుడు నా చూపుడువేలి మీద దూట పీచు ఉంగరంలా చుట్టి ఉంది. నేను కోసిన దూటది. నీ ముందే, మీ అమ్మ ముందే ఆ చేత్తో దూది పట్టుకున్నాను. ఎవరూ చూడలేదు. నేను చూశాను. తీసి పొయ్యిలో వేశాను. అది తడిగా ఉండి వెంటనే కాలలేదు.

ఆ తర్వాతది నీకు తెలుసు. పుండు మానలేదు. నవంబరులో వేలు తీశారు. జనవరిలో కాకినాడలో చీలమండ పైదాకా తీసేశారు. కట్టు కట్టిన ప్రతిరోజూ నేను రోజూ రాసుకునే పుస్తకంలో రాసి ఉంది. తెగిన రోజు నుంచి పోయిన రోజుకి నూట తొంభై రోజులు. ఆసుపత్రిలో ఉన్నవి తీసేస్తే ఇంట్లో కట్టు కట్టినవి నూట నలభై ఎనిమిది. అందులో నూట ముప్ఫై ఒకటి నువ్వు కట్టావు, కాలేజీకి వెళ్ళేముందు. నేను పక్కన నిలబడి కత్తెర అందించాను. కింద పెట్టేదాన్ని, నువ్వు తీసుకునేదానివి. పదునున్నది చేతిలోంచి చేతిలోకి ఇవ్వకూడదు కదా. అన్ని నియమాలూ పాటించాను.

చెప్పాలని మొదటి వారంలో అనుకున్నాను. పుండు మానిపోతుంది, మానిపోతే చెప్పేదేముంటుంది అనుకున్నాను. వేలు తీశాక, ఇప్పుడు చెబితే ఈ మనిషి నా మొహం చూడరు అనుకున్నాను. ఆయనే ఒకరోజు అడిగారు. ఫిబ్రవరిలో, నువ్వు కాలేజీకి వెళ్ళాక. మంచం మీద కూర్చుని గోడ వంక చూస్తూ అడిగారు.

"కనకం, ఆవేళ దూట ఆఖర్న కోసింది ఎవరు?"

"సత్య."

"ఆయ్" అన్నారు. అని అటు తిరిగి పడుకున్నారు.

పశువులశాలలోంచి వసారా కనబడుతుంది. ఆయన చూశారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ మధ్యాహ్నమే నిన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "నీ తప్పేం లేదే తల్లీ" అన్నారు. నువ్వు అది ఓదార్పు అనుకున్నావు. నేనూ అప్పుడు అలాగే అనుకుని ఊరుకున్నాను.

ఆయన పోయినప్పుడు లాక్‌డౌను. పదకొండుమందిమి ఉన్నాం. నేను ఏడవలేదు. కనకరత్నంగారు గట్టి మనిషి అన్నారు. గట్టితనం కాదు. ఆయన పాదానికి ఎలా ఉండేదో నాకు అలా అయిపోయింది. ఏది తగిలినా తగిలిందని తెలుస్తోంది, అంతే. నువ్వు ఇంజనీరింగుకి వెళ్ళిపోయావు. సెలవులకి వచ్చినా వంటింటి గడప దాటేదానివి కాదు. గడప అవతల నిలబడి కంచం అందుకునేదానివి. నేను వడ్డించేదాన్ని. అది కూడా తగిలిందని తెలిసేది.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఐదో ప్రశ్న చదివి మడిచి పెట్టాను. మర్నాడు నీ ఫోనొస్తే, "కత్తి గురించి రాస్తాను" అని మీ అమ్మకిచ్చేశాను. పది రోజులు పట్టింది అందుకే.

నిన్న ఆదివారం భోజనాల దగ్గర చెప్పాను. కొరమీను పులుసు. మీ నాన్న రెండోసారి అన్నం కలుపుకుంటున్నాడు. మొత్తం చెప్పాను, ఇక్కడ రాసినట్టే, వరుసలో. దూట పీచు సంగతి కూడా. మీ నాన్న కలిపిన ముద్ద అలాగే ఉంది. మీ అమ్మ గరిట పట్టుకుని నిలబడిపోయింది. ముందు ఆమే మాట్లాడింది.

"నేను దాన్ని కొట్టేనండి అత్తయ్యగారూ. మీరు చూస్తూ నిలబడ్డారు."

"అవును."

"అది ఆరేళ్ళు నా వంటింట్లోకి రాలేదండి."

"అవును."

"ఇంకేం మాట్లాడరేంటండీ?"

మీ నాన్న లేచి చెయ్యి కడుక్కుని వీధిలోకి వెళ్ళాడు. రెండు గంటలకి వచ్చాడు. "శనివారం బండికి టిక్కెట్టు తీసేను. పిల్లని చూసొస్తాను" అన్నాడు. నా వంక చూడకుండా అన్నాడు. మీ అమ్మ రాత్రి నాకు అన్నం వడ్డించి తన గదిలోకి వెళ్ళిపోయింది. నేను తిన్నాను.

నాకు క్షమాపణ అడగడం చేతకాదు. ఎప్పుడూ అడగలేదు, అందుకని ఎలా రాయాలో తెలియడం లేదు. తప్పు నాది. అబద్ధం నాది. నీ చెయ్యి ఎవరినీ కోయలేదు. అది మీ తాతయ్యకి నూట ముప్ఫై ఒక్కసార్లు కట్టు కట్టిన చెయ్యి. నాకు తెలిసిన లెక్క అదే.

ఇక మీదట జరగవలసినవి:

1. మీ నాన్న ముందుగా ఈ ఉత్తరం ఇచ్చి, నువ్వు చదివేదాకా బయట టీ కొట్టు దగ్గర కూర్చుంటాడు. తొందరపడకు. ఎంతసేపైనా కూర్చుంటాడు. వాడికి చెప్పాను.

2. కవర్లో నా పుస్తకంలోది ఒక పేజీ ఉంది. 12-10-2019. "సత్య కత్తిపీట పడుకోబెట్టలేదు. వీరి కాలు తెగినది" అని నా చేత్తో రాశాను. ఇన్నేళ్ళ నా పుస్తకాల్లో తెలిసి రాసిన తప్పు అదొక్కటే. కొట్టేసి, కింద నిజం రాసి, నిన్నటి తారీఖు వేసి సంతకం పెట్టాను. మీ నాన్నా అమ్మా కూడా పెట్టారు. అది నీ దగ్గరే ఉంచుకో.

3. కత్తి అట్టలో, పైన గుడ్డలో చుట్టి ఉంది. మీ నాన్న నేల మీద పెడతాడు, నువ్వు నేల మీద నుంచి తీసుకో. ఇనుము ఊరికే పుచ్చుకోకూడదు. వాడికి ఒక రూపాయి ఇయ్యి. ఆ రూపాయి నాకు చేరాలి.

4. మొదటిరోజు బీరకాయ కొయ్యి. మెత్తగా ఉంటుంది, భయముండదు. చెయ్యి వణికితే ఆపి, కత్తి కింద పెట్టి, మళ్ళీ తియ్యి. కందా పనసా ఈ ఏడాది వద్దు.

5. అటక మీద కత్తిపీటని ఏం చేయాలో నువ్వు చెప్పాలి. పారేయమంటే గోదాట్లో పారేయిస్తాను. ఉంచమంటే ఉంటుంది. దూడకి పేరు కూడా.

6. నాకు జవాబు రాయాలని లేకపోతే రాయకు. పోస్టుమాన్ వచ్చే వేళకి నేను అరుగు మీదే ఉంటాను. అది నా పని, నీది కాదు.

7. వంట అయ్యాక కత్తి కడిగి, తుడిచి, దాని చోట పెట్టు. తర్వాత ఆఫీసుకి వెళుతూ, పెట్టానో లేదో అని సగం దారిలో వెనక్కి రాకు. పెట్టే ఉంటావు. ఆ రోజూ పెట్టావు.

ఇట్లు,
నీ మామ్మ,
కనకరత్నం